నేను అమ్మిన నిద్ర

తెనాలి,
కార్తీక బహుళ పంచమి

చి.ల.సౌ. అమ్మలుకి తాతయ్య ఆశీర్వదించి రాసేది.  

మొన్న నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మీ అమ్మమ్మా నేనూ మూడుసార్లు విన్నాం. మొదటిసారి మనవరాలి గొంతు విన్నామన్న సంబరం. రెండోసారికి నీ ప్రశ్న అర్థమైంది. మూడోసారికి నీ అలసట వినిపించింది. "తాతయ్యా, బుడ్డోడు రాత్రి పదకొండైనా పడుకోవట్లేదు. ఇక్కడ చాలామంది పిల్లలకి మెలటోనిన్ గమ్మీలు ఇస్తున్నారు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఫ్లైట్‌లో బెనడ్రిల్ వేస్తే హాయిగా పడుకుంటాడని కూడా చెప్తున్నారు. మీరు మందుల షాపు నడిపారుగా, వెయ్యొచ్చా?" అని అడిగావు.

ఫోన్‌లో అయితే "వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. నువ్వు "సరే" అని పెట్టేసేదానివి. ఆ రాత్రి పదకొండున్నరకి వాడు మంచం మీద గెంతుతుంటే నా "వద్దు" నీకెందుకూ కొరగాదు. అందుకని కాగితం తీసుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది కాస్త ముందుకెళ్ళాక చెప్తాను.

ఈ ప్రశ్న అడిగినందుకు మాత్రం సిగ్గుపడకు. నీ గొంతులో కాస్త సిగ్గు కూడా వినిపించింది. మీ అమ్మ పుట్టినప్పుడు మన ఇంట్లో తొమ్మిదిమందిమి. రాత్రి అది ఏడిస్తే మా అమ్మ భుజాన వేసుకునేది. ఆవిడ అలిసిపోతే మా చెల్లెలు ఎత్తుకునేది. ఆ తర్వాత నేను అరుగు మీద అటూ ఇటూ తిప్పేవాణ్ణి. ఆ సందులో మీ అమ్మమ్మ ఓ రెండు గంటలు కన్ను మూసేది. నీకక్కడ ఉన్నవి నాలుగే భుజాలు. ఆ నాలుగూ తెల్లారేసరికి ఆఫీసు పనిలో ఉండాలి. నా కౌంటరు ముందుకొచ్చి పిల్లల నిద్రకి మందడిగిన తల్లుల్లో బద్ధకించి అడిగినవాళ్ళని నేను చూడలేదు. అందరూ నిద్రకి మొహం వాచినవాళ్ళే.

వాళ్ళకి నేనేం ఇచ్చానో ఇప్పుడు చెప్తాను. ఆ రెండో కారణం ఇదే.

1974లో స్టేషను రోడ్డులో షాపు పెట్టాను, 2014లో మూసేశాను. ఆ నలభై ఏళ్ళలో జలుబు సిరప్ అని బిల్లు రాసి నేను అమ్మింది చాలాసార్లు నిద్రే. తిరుపతి బస్సెక్కేవాళ్ళూ, పెళ్ళికి బయల్దేరేవాళ్ళూ, సెకండ్ షోకి వెళ్ళేవాళ్ళూ వచ్చి "పిల్లాడు గోల చెయ్యకుండా ఏదైనా ఇవ్వండి" అనేవాళ్ళు. అరలోంచి ప్రొమెథజీన్ సిరప్ తీసేవాణ్ణి. డాక్టరు చీటీ అడిగేవాణ్ణి కాదు. పిల్లాడి బరువెంతో కూడా అడిగేవాణ్ణి కాదు. "ఒక చెంచా పట్టండి" అని చెప్పి చిల్లర లెక్కపెట్టేవాణ్ణి.

1983 వేసవిలో ఒకావిడ పది నెలల పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది. వాడికి ముక్కు కారుతోంది. రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్ళాలి. ఒక చెంచా అన్నాను. నా లెక్కలో చెంచా అంటే అయిదు మిల్లీలీటర్లు. ఆవిడ సంచిలో ఉన్నది పెరుగన్నం తినిపించే పెద్ద చెంచా. బెజవాడ దాటాక ఒకసారి పట్టింది. సూర్యాపేటలో బస్సాగినప్పుడు వాడు లేచి ఏడిస్తే ఇంకోసారి పట్టింది. తెల్లారి బస్సు దిగేసరికి పిల్లాడు లేవలేదు. బుగ్గ గిల్లినా కదల్లేదు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. అటునించటే ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండు రోజులు ఉంచుకుని పంపారు. బతికాడు.

నెల తర్వాత ఆవిడే షాపుకొచ్చి ఇదంతా చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. "నేనే ఎక్కువ పట్టానేమోనండీ" అంది. నేను కూడా "అవునమ్మా, ఎక్కువైనట్టుంది" అన్నాను. ఆ జవాబు ఈ రోజుకీ నాకు మింగుడు పడదు. రెండేళ్ళలోపు పిల్లలకి ప్రొమెథజీన్ ఇవ్వకూడదనీ, ఊపిరి మందగించి ప్రాణం పోయే ప్రమాదం ఉందనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో ఆ మందు మీద తన అతి తీవ్రమైన హెచ్చరిక వేయించింది. ఆ సంగతి చదివిన రోజు షాపు మధ్యాహ్నమే కట్టేసి ఇంటికొచ్చాను. మీ అమ్మమ్మ జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

పిల్లల నిద్రని అమ్మడం నాతో మొదలు కాలేదనుకో. మా నాయనమ్మల కాలంలో చంటిపిల్లలకి ఆవగింజంత నల్లమందు నాకించేవాళ్ళు. బొంబాయి మిల్లుల్లో పనికి పోయే తల్లులు బాలగోలీ అనే నల్లమందు మాత్ర వేసి పిల్లల్ని పడుకోబెట్టి వెళ్ళేవాళ్ళు. మీ అమెరికాలోనూ అదే కథ. పళ్ళు వచ్చే పిల్లల్ని ఊరడిస్తుందంటూ 1849 నుంచి మిసెస్ విన్‌స్లో సిరప్ అమ్మారు. అందులో ఉన్నది మార్ఫిన్, సారా. లోపల ఏముందో సీసా మీద అచ్చు వెయ్యాలని 1906లో చట్టం వచ్చేదాకా ఆ సంగతి తల్లులకి తెలీదు. పిల్లలు పడుకున్నారు. కొందరు మళ్ళీ లేవలేదు.

ఇక నీ బెనడ్రిల్ సంగతి. ముందు ఒక చిక్కు విప్పాలి. నువ్వు చిన్నప్పుడు ఇక్కడ తాగిన బెనడ్రిల్ దగ్గు మందు. అక్కడ షాపులో దొరికే పిల్లల బెనడ్రిల్ అలర్జీ మందు. పేరు ఒకటే గానీ రెండు సీసాల్లోనూ ఉన్న సరుకు ఒకటి కాదు, మోతాదూ ఒకటి కాదు. రెండిట్లోనూ ఉన్న డైఫెన్‌హైడ్రమిన్ మాత్రం నేనమ్మిన ప్రొమెథజీన్‌కి వరసకి తమ్ముడు. ఇక్కడి జలుబు సిరప్పుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఆ కుటుంబమే. ఇవన్నీ పాతతరం అలర్జీ మందులు.

మెదడులో హిస్టమిన్ అనే రసాయనం మనల్ని మెలకువగా ఉంచే పని చేస్తుంది. ఈ మందులు మెదడులోకి చొరబడి దాని నోరు నొక్కేస్తాయి. పిల్లాడు పడిపోతాడు. చూసేవాళ్ళకి అది నిద్రలాగే కనబడుతుంది. కానీ కలలొచ్చే దశ కుదించుకుపోతుంది, మర్నాడు పొద్దునకి కూడా మబ్బు వదలదు. మత్తు వేరు, నిద్ర వేరు అమ్మలూ. నలభై ఏళ్ళు ఒకదాని పేరు చెప్పి ఇంకోటి అమ్మాను.

దీని దుష్ఫలితాలు చెప్తాను, విను. నోరెండిపోతుంది. మలబద్ధకం వస్తుంది. కొందరికి మూత్రం బిగుస్తుంది. గుండె దడదడలాడుతుంది. కొందరు పిల్లల్లో మందు ఎదురు తిరుగుతుంది. పడుకోవలసినవాడు రెండింతలు రెచ్చిపోతాడు. విమానంలో, ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున, బెల్టు పెట్టుకోమన్న వేళ అలా జరిగితే నీ గతేమిటో ఊహించుకో. వరసగా నాలుగు రోజులు వేస్తే అయిదో రోజుకి పని చెయ్యదు. అప్పుడు ఇంకో అర చెంచా వెయ్యబుద్ధవుతుంది. మోతాదు మించితే లేనివి కనబడటం, ఫిట్స్, గుండె లయ తప్పడం, ఊపిరి ఆగడం దాకా వెళ్తుంది. జలుబుకని వేసే రాత్రిపూట సిరప్పులు కొన్నిటిలో కూడా ఇదే మందు ఉంటుంది. అదొక చెంచా, ఇదొక చెంచా వేస్తే ఒకే మందు రెండుసార్లు వేసినట్టు.

పోనీ, ఇంత చేసి నిద్రైనా పట్టిస్తుందా? 6 నుంచి 15 నెలల పిల్లల మీద అమెరికాలో ఒక పరిశోధన చేసి 2006లో ఫలితాలు చెప్పారు. డైఫెన్‌హైడ్రమిన్ పట్టిన పిల్లలు ఉత్తుత్తి మందు పట్టిన పిల్లలకన్నా బాగా పడుకోలేదు. నువ్వు ఆ సీసా తిప్పి చదివితే, పిల్లల్ని నిద్రపుచ్చడానికి దీన్ని వాడొద్దని కంపెనీయే అచ్చు వేసి ఉంటుంది. ఇక్కడ కూడా 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుని నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని సీసాల మీద హెచ్చరిక వెయ్యమన్నారు. నేను షాపు కట్టేసిన తొమ్మిదేళ్ళకి.

ఇప్పుడు గమ్మీల దగ్గరికొద్దాం. వీటిని బెనడ్రిల్‌తో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

మెలటోనిన్ మన ఒంట్లో పుట్టేదే. మెదడు నడుమ బఠాణీ గింజకన్నా చిన్న పీనియల్ గ్రంథి ఒకటి ఉంది. చీకటి పడ్డాక అది దీన్ని వదులుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం 1958లో దీన్ని కనిపెట్టింది. దీన్ని నిద్రమాత్ర అనుకుంటారు గానీ, ఇది చేసేది వెట్టివాడి పని. "రాత్రయిందహో" అని ఒళ్ళంతా దండోరా వేస్తుంది. దండోరా విని దీపాలార్పుకుని పడుకునే ఊరైతే సరే. రికార్డింగ్ డ్యాన్సు జరుగుతున్న ఊళ్ళో ఎన్ని దండోరాలు వేస్తే ఏం లాభం?

ఆటిజం ఉన్న పిల్లల్లో, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో కొందరికి ఆ దండోరా సరిగ్గా మోగదు. వాళ్ళకి మెలటోనిన్ నిజంగా సాయం చేస్తుంది. ఆటిజం పిల్లల కోసమే తయారైన మెలటోనిన్ మాత్రకి ఐరోపాలో 2018లో అనుమతి వచ్చింది. అది డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారు. మీ దగ్గర మాత్రం 1994 నాటి చట్టం ప్రకారం మెలటోనిన్ ఆహార సప్లిమెంట్ కింద లెక్క. మందుకి చేసే తనిఖీ దానికి లేదు. పప్పుబెల్లాల్లా అరల్లో అమ్ముతారు.

తనిఖీ లేకపోతే ఏమవుతుందో మందులమ్మినవాణ్ణి కనుక నాకు బాగా తెలుసు. 2023లో అక్కడి పరిశోధకులు 25 రకాల గమ్మీలు కొని పరీక్షించారు. వాటిలో 22 రకాల మీద రాసిన లెక్క తప్పు. రాసినదాంట్లో 74 శాతం దగ్గర్నుంచి 347 శాతందాకా ఉంది. ఒకదాంట్లోనైతే మెలటోనిన్ బొత్తిగా లేదు. అంటే సీసా మీద మూడు మిల్లీగ్రాములని చూసి నువ్వు ఒక గమ్మీ ఇస్తే, వాడి కడుపులోకి పది మిల్లీగ్రాములు పోయి ఉండొచ్చు. మళ్ళీ పెద్ద చెంచా కథే. కాకపోతే ఈసారి చెంచా ఫ్యాక్టరీలోదే.

దీని దుష్ఫలితాలు సాధారణంగా అంత భయంకరమైనవి కావు. పొద్దున లేవలేకపోవడం, తలనొప్పి, కడుపులో తిప్పడం, తల తిరగడం, చిరాకు, ఉలిక్కిపడే పీడకలలు, పక్క తడపడం. ఫిట్స్ మందులు వాడే పిల్లలకైతే డాక్టరుకి చెప్పకుండా అసలివ్వకూడదు. ఇది హార్మోను కాబట్టి ఏళ్ళ తరబడి వాడితే ఈడు రావడం మీద ప్రభావం ఉంటుందేమోనన్న సందేహం డాక్టర్లలో ఉంది. పిల్లల్ని అన్నేళ్ళు వెంబడించి చూసిన పరిశోధనలు బాగా తక్కువ.

నాకు అసలు భయం దాని రుచి. స్ట్రాబెర్రీ రుచిలో ఎలుగుబంటి బొమ్మలా ఉన్నదాన్ని నాలుగున్నరేళ్ళవాడు మందనుకుంటాడా? మెలటోనిన్ మింగిన పిల్లల గురించి అమెరికా విష నియంత్రణ కేంద్రాలకి 2012లో వచ్చిన ఫోన్లు 8,337. 2021లో 52,563. ఎక్కువమంది అయిదేళ్ళలోపు పిల్లలే, ఇంట్లో తమంతట తాము తీసుకుని మింగినవాళ్ళే. చాలామందికి ఏమీ కాలేదు. కానీ ఆ పదేళ్ళలో అయిదుగురు పిల్లలకి వెంటిలేటరు పెట్టాల్సొచ్చింది, ఇద్దరు చనిపోయారు.

మీ పిల్లల డాక్టరు చూసి, వాడమంటే వాడు. అప్పుడు కూడా అర మిల్లీగ్రామో ఒకటో, పడుకునే వేళకి ముందు, కొన్నాళ్ళు మాత్రమే. సీసా మీద, పరీక్షించారని చెప్పే యూఎస్‌పీ ముద్ర ఉన్నది చూసి కొను. వాడి ముందు "చాక్లెట్" అనకు, "మందు" అనే చెప్పు. వాడికి అందనంత ఎత్తులో, తాళం ఉన్న చోట పెట్టు. ఎప్పుడైనా పొరపాటు జరిగితే 1-800-222-1222కి ఫోన్ చెయ్యి. అది మీ విష నియంత్రణ కేంద్రం నంబరు. లేపినా లేవకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా దానికోసం కూడా ఆగకు, నేరుగా 911కి చెయ్యి.

గమ్మీలొద్దంటే ఎవరో ఒకరు వాట్సాప్‌లో జాజికాయ అరగదీసి పాలల్లో పట్టమని పంపుతారు. మన వంటింటి సరుకే కదా అనుకోకు. జాజికాయ మోతాదు మించితే వాంతులు, గుండెదడ, మతి తప్పడం. అరగదీసేటప్పుడు మించిందో లేదో తెలిసే దారి లేదు. ఆస్పత్రుల్లో స్కానింగుకి ముందు పిల్లలకి పట్టే ట్రైక్లోఫాస్ సిరప్ ఒకటి ఉంది. ఇక్కడి చుట్టాలెవరో "ఒక సీసా తెచ్చుకోరాదూ" అంటారు. అది పక్కన ఊపిరి కనిపెట్టే మనిషి ఉన్న చోట వాడేది. పిల్లల నిద్రలేమికని ఎఫ్‌డీఏ అనుమతించిన మందు ఈ రోజుకీ ఒక్కటి కూడా లేదు. మందులు తెలియక కాదు. అమ్మినవాణ్ణి చెప్తున్నాను, పిల్లాడు ఎందుకు పడుకోవట్లేదో ఏ సీసా చెప్పదు. చెప్పకపోగా ఆ పిల్లాడు చెప్పేదాన్ని కూడా వినపడనివ్వదు.

ఇప్పుడు ఈ ఉత్తరం మొత్తంలో నువ్వు రెండుసార్లు చదవాల్సిన ముక్క.

వినాయక చవితి అయిన వారంలో బుడ్డోడు నిద్రపోతున్న వీడియో ఒకటి పంపావు. నోరు తెరిచి, మెడ వెనక్కి విరిచి, ముసలాడిలా గురక పెడుతున్నాడని నవ్వుతూ పంపావు. మేమూ నవ్వాం. "అచ్చం తాతయ్యే" అంది మీ అమ్మమ్మ. నీ మెసేజ్ విన్న రాత్రి ఆ వీడియో మళ్ళీ పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. గురక మధ్యలో ఒకచోట శబ్దం ఆగింది. నేను నాలుగు లెక్కపెట్టాను. తర్వాత వాడు గుటకవేసినట్టు ఎగశ్వాస తీశాడు.

నేను డాక్టర్ని కాను. అది జలుబే కావచ్చు. కానీ ఆ వయసు పిల్లల్లో ముక్కు వెనక ఉండే అడినాయిడ్లూ, గొంతులో టాన్సిళ్ళూ పెరిగి ఊపిరి దారికి అడ్డం పడుతుంటాయి. అలాంటి పిల్లలు రాత్రంతా తెగి తెగి పడుకుంటారు. చెమటలు పడతాయి, కొందరు పక్క తడుపుతారు. పెద్దవాళ్ళలా పగలు జోగరు. నిద్ర చాలని పిల్లలు పగలు మరింత గెంతుతారు, రాత్రి పడుకోమంటే మొండికేస్తారు. అలాంటి గొంతున్న పిల్లాడికి మత్తు మందు పడితే గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి, ఊపిరాడక ఉలిక్కిపడి లేచే ఆ కాస్త శక్తీ పోతుంది. విమానంలో పక్క సీట్లో వాడు హాయిగా పడుకున్నాడని నువ్వనుకుంటావు. సూర్యాపేట దాటాక ఆవిడా అలాగే అనుకుంది. ఈ వారంలోనే ఆ వీడియో డాక్టరుకి చూపించు. మిగతావన్నీ తర్వాత.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంకో రెండు అడుగు. పడుకున్నాక "కాళ్ళు పీకుతున్నాయి" అంటాడా, దుప్పటి తంతాడా? ఒంట్లో ఇనుము తక్కువైతే అలా జరుగుతుంది. ఫెరిటిన్ పరీక్ష చేయించమను. వాడికి పాలూ అన్నమూ తప్ప ఏదీ రుచించదని నువ్వే చెప్పావు. అలాగే రాత్రి పూట పిర్ర గోక్కుంటాడేమో చూడు. నులిపురుగులు బయటికొచ్చి గుడ్లు పెట్టేది రాత్రే. అమెరికాలో కూడా ఉంటాయి, మన పేటెంటేమీ కాదు. వీటిలో ఏది ఉన్నా నిద్ర మందు దాన్ని కప్పెట్టేస్తుందే గానీ నయం చెయ్యదు.

ఇవేవీ లేవని తేలితే ఒక చిన్న లెక్క చేద్దాం. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. పగటి కునుకు కూడా కలుపుకునే. వాడు పదకొండు నుంచి ఏడుదాకా ఎనిమిది గంటలు పడుకుంటున్నాడు. డేకేర్‌లో మధ్యాహ్నం రెండు గంటలు పడుకోబెడుతున్నారన్నావు. మొత్తం పది. అంటే వాడి నిద్రలో ఒక ముక్క రాత్రి నుంచి పగటికి జరిగింది. ఆ కునుకుని ముప్పావు గంటకి కుదించమని డేకేర్ వాళ్ళని అడుగు. నిద్ర రాకముందే మంచమెక్కించి గంటలకొద్దీ యుద్ధం చెయ్యకు. వారంపాటు పదిన్నరకే పడుకోబెట్టు. మంచమెక్కగానే నిద్ర పట్టడం అలవాటయ్యాక మూడు రోజులకోసారి పావుగంట ముందుకి జరుపు. పొద్దున మాత్రం, ఆదివారమైనా సరే, ఒకే వేళకి లేపి ఎండలోకి తీసుకెళ్ళు.

వెలుతురు మాట వచ్చింది కనుక మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మీకు రాత్రి తొమ్మిదన్నరంటే మాకు పొద్దున తొమ్మిది. నేను స్నానం చేసి, కాఫీ తాగి, తీరిగ్గా కూర్చుని వీడియో కాల్ చేసే వేళ. వాడు ఐప్యాడ్ మొహానికి ఆనించుకుని నాకు డైనోసార్లు చూపిస్తాడు. మీ అమ్మమ్మ దాక్కుని "బూ" అంటుంది. వాడు ఇల్లంతా పరిగెడతాడు. కొలరాడోలో 3 నుంచి 5 ఏళ్ళ పిల్లల్ని పడుకునే ముందు ఒక గంట గట్టి వెలుతురులో ఉంచి చూశారు. పదిమంది పిల్లలే గానీ, వాళ్ళ ఒంట్లో మెలటోనిన్ 88 శాతం పడిపోయిందని 2018లో రాశారు. ఐప్యాడ్ వెలుతురు అంత గట్టిది కాదులే. అయినా వాడి పీనియల్ గ్రంథి దండోరాకి డప్పు తీసే వేళకి మేము తాతామామ్మలం తయారై రికార్డింగ్ డ్యాన్సు పెడుతున్నాం. ఆ తర్వాత నువ్వు కొట్టుకెళ్ళి గమ్మీలు కొంటావు. ఇకనుంచి మీ పొద్దున ఏడున్నరకి చేస్తాం. అప్పుడు మాకు రాత్రి ఏడు. వాడు పాలు తాగుతూ డైనోసార్లు చూపించొచ్చు. ఇది మీ అమ్మమ్మకి చెప్పాను. కాసేపు అలిగింది. ఒప్పుకుంది.

విమానం సంగతి. మందు వెయ్యకు. వాడి దుప్పటి, వాడి దిండు, కొత్తవి నాలుగు బొమ్మలు, పాత కథలు నాలుగు. వాడు ఏడిస్తే పక్క సీటువాళ్ళు చిరాకు పడతారు. పడనీ. వాళ్ళు దోహాలో దిగిపోతారు, నీ పిల్లాడు నీతో ఉంటాడు.

ఇక్కడికొచ్చాక మొదటి వారం వాడికి రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. పదకొండున్నర గంటల తేడా, ఒంటి గడియారం రోజుకి ఓ గంట చొప్పునే తిరుగుతుంది. దానికి మందు వెతక్కు. నా వయసులో ఆ దండోరా మోగీ మోగనట్టు ఉంటుంది. రెండున్నరకి నేనూ లేచి కూర్చుంటాను. ఇన్నాళ్ళూ ఒంటరిగా కూర్చున్నాను. ఈసారి నాకో తోడు. అరుగు మీద దుప్పటి కప్పుకుని స్టేషన్లో పోయే గూడ్సుబళ్ళకి పెట్టెలు లెక్కపెడతాం. నాలుగింటికి ఎదురింటివాళ్ళు ముగ్గు చెంబు పట్టుకుని బయటికొస్తారు. వాళ్ళ గొబ్బెమ్మలు చూస్తాం. తెల్లవారుతుంటే హరిదాసు వస్తాడు. వాడి చేత గిన్నెడు బియ్యం వేయిస్తాను. ఆ తర్వాత ఎండలో నిలబెడతాను. ఎండే వాడి గడియారాన్ని తెనాలికి తిప్పుతుంది.

నీ పాత గదిలో మంచం మీ అమ్మమ్మ అప్పుడే దులిపించింది. వాడు ఎన్నింటికి లేచినా నాకు వదిలెయ్యి. నువ్వు మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని తెల్లారేదాకా పడుకో.

ఇట్లు,
మీ తాతయ్య